ఆ ఫోటోలో ఉన్నది ఏకే-47 కాదండీ

కావలిలో మీ బాబాయి గారి రిటైర్మెంట్ సన్మానానికి ఫ్లెక్సీ వేయిస్తున్నామని, ఆయన తుపాకీ పట్టుకున్న పాత ఫోటో కింద 'ఏకే-47తో' అని రాయొచ్చా అని అడిగారు కదా. రాయించకండి. మ్యాగజైన్, అంటే తూటాలు నింపే పెట్టె చూడండి, లోపలి తూటాలు లీలగా కనిపిస్తున్నాయి. పైన మోయడానికి పిడి ఉంది, కాకింగ్ హ్యాండిల్ (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిడి) ఎడమవైపు ముందుకు ఉంది. అది మన దేశంలో తయారైన ఇన్సాస్ రైఫిల్, 5.56 మి.మీ. తూటాది. 1999లో కార్గిల్‌లో మన జవాన్లు వాడినదే. పొరపాటు పడటం సహజమే లెండి, తూటా పేలిన గ్యాస్‌తో కదిలే పిస్టన్, తూటా వెనక తలుపులా మూసుకునే తిరిగే బోల్టు, ఈ లోపలి పద్ధతి ఏకే-47 రూపకర్త కలాష్నికోవ్ బాటలోనిదే.

ఏకేలో ఆ హ్యాండిల్ కుడివైపు ఉంటుంది, కాల్చినప్పుడల్లా బోల్టుతోపాటు కదులుతుంది. మ్యాగజైన్ కొడవలిలా బాగా వంగి ఉంటుంది, 30 తూటాలు పడతాయి. అసలు జనం ఏకే-47 అనేవాటిలో చాలావరకు 1959లో వచ్చిన ఏకేఎం రకమే. దాని బాడీని రేకు వత్తి చేస్తారు, అందుకే అసలు ఏకే-47 కంటే దాదాపు కేజీ తేలిక. ఏకే-74 మళ్లీ వేరు, దానిది 5.45 మి.మీ. తూటా.

'ఇన్సాస్ రైఫిల్‌తో' అని రాయించండి. ఫ్లెక్సీ షాపులో నెట్ నుంచి ఏకే బొమ్మ తెచ్చి పక్కన అతికిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, వాళ్లకదో సరదా.