వారసత్వపు సొమ్ముతో బిట్‌కాయిన్: మిత్రుడికి ముందుగా ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను కొంతకాలంగా చిన్న మొత్తాలతో బిట్‌కాయిన్ అనే డిజిటల్ నాణేన్ని కొంటున్నాను. చిత్తూరులో ఉండే నా మిత్రుడికి, సంతానం లేని మేనమామ మరణించడంతో, అనుకోకుండా 40 లక్షల రూపాయల బ్యాంకు డిపాజిట్లు దక్కాయి. అందులో సగం బిట్‌కాయిన్‌లో పెడతానని, ఖాతా కూడా నా పేరు మీదే తెరిచి చూసుకొమ్మని అడుగుతున్నాడు. అతనికి ఈ విషయాన్ని ఎలా పరిచయం చేయాలి? – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ఖాతా మీ పేరు మీద తెరవడానికి మాత్రం ఒప్పుకోకండి. బిట్‌కాయిన్ కొని అమ్మే ఎక్స్ఛేంజీల్లో పాన్, ఆధార్‌తో కేవైసీ (గుర్తింపు తనిఖీ) జరుగుతుంది కాబట్టి, అతని డబ్బుతో కొన్నా లావాదేవీలన్నీ మీ పాన్ మీదే నమోదవుతాయి. రేపు పన్ను నోటీసు వచ్చినా, మిత్రుడి ఇంట్లో ఎవరైనా లెక్క అడిగినా సమాధానం చెప్పుకోవలసింది మీరే.

ఆ 40 లక్షలు పూర్తిగా అతనివేనా అన్నది కూడా అడగండి. నామినీగా పేరు ఉన్నంత మాత్రాన సొమ్ముకు యజమాని అయిపోరు. బ్యాంకు నామినీకి డబ్బు అప్పగించినా, వీలునామా లేనప్పుడు చట్టప్రకారం వారసులైన వారందరికీ అందులో హక్కు ఉంటుంది. అతని తల్లి, ఆమె తోబుట్టువులు ఉన్నారా, వారి సమ్మతి ఉందా అన్నది తేలిన తర్వాతే ఆ డబ్బును కదిలించడం మంచిది. వారసత్వంగా వచ్చిన సొమ్ముపై మన దేశంలో పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే రద్దు చేశారు; ఆ తర్వాత దానిపై వచ్చే వడ్డీకి మాత్రం అతను పన్ను కట్టాలి.

ఇక పరిచయం. మేనమామ డబ్బు అతని చేతికి ఎలా వచ్చిందో అక్కడి నుంచే మొదలుపెట్టండి. మరణ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు దరఖాస్తులు, సంతకాలు అంటూ ఎంత తిరిగినా, ఆ కాగితాలను చూసి డబ్బు ఇచ్చే అధికారి ఒకరు ఉన్నారు. 2008 అక్టోబరులో సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన పత్రం ఆధారంగా 2009 జనవరి 3న మొదలైన బిట్‌కాయిన్‌లో అటువంటి అధికారి ఎవరూ లేరు. ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లు లావాదేవీలన్నీ ఉండే ఒకే లెక్కల పుస్తకాన్ని ఉంచుకుంటాయి. సగటున పది నిమిషాలకోసారి అందులో కొత్త పుట చేరుతుంది. మొత్తం నాణేలు 2.1 కోట్లకు మించవు. సొంత వ్యాలెట్‌లో (నాణేలను మన అధీనంలోనే ఉంచుకునే యాప్ లేదా పరికరం) ఉంచుకున్న నాణేలపై అధికారం, తాళంచెవిలా పనిచేసే 12 లేదా 24 ఆంగ్ల పదాల వరుస తెలిసినవారిదే. మేనమామ ఈ 40 లక్షలను ఆ రూపంలో దాచి, ఆ పదాలను ఎక్కడా రాసిపెట్టకుండా కన్నుమూసి ఉంటే, ఏ కోర్టు ఉత్తర్వు తెచ్చినా మేనల్లుడికి ఒక్క రూపాయి కూడా దక్కేది కాదు. ఈ ఒక్క సంగతి అతనికి బోధపడితే మీ పని సగం పూర్తయినట్టే. ధరల చార్టులు ఆ తర్వాత చూపించవచ్చు.

పదాల బెడద లేకుండా ఎక్స్ఛేంజీలోనే ఉంచేస్తానని అతను అనవచ్చు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో (బిట్‌కాయిన్ వంటి డిజిటల్ నాణేలు) దొంగల పాలై, ఖాతాదారుల సొమ్ము నెలల తరబడి నిలిచిపోయింది. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల రూపాయల బీమా ఇక్కడ వర్తించదు. ఎక్స్ఛేంజీకి కేంద్ర ఆర్థిక నిఘా విభాగమైన ఎఫ్‌ఐయూ వద్ద నమోదు ఉందో లేదో తప్పక చూడండి. అయితే ఆ నమోదు మనీ లాండరింగ్ నిరోధానికే తప్ప మీ డబ్బుకు హామీ కాదు.

తోతాపురి మామిడి ధర ఒక్క సీజన్‌లో ఎంత పడిపోగలదో చూసిన చిత్తూరు వాసికి పతనం గురించి పెద్దగా చెప్పనవసరం లేదు గానీ, లెక్క చూపించండి: 2021 నవంబరులో సుమారు 69 వేల డాలర్లకు చేరిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి వచ్చింది. అప్పుడు 20 లక్షలు పెట్టినవారికి మిగిలింది దాదాపు 5 లక్షలు. ధర తర్వాత కోలుకున్న మాట నిజమే, కానీ మధ్యలో ఇంటి అవసరానికి అమ్ముకోవలసి వచ్చినవారికి ఆ కోలుకోవడంతో పనిలేదు. పైగా 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. నష్టం వస్తే దాన్ని మరే ఆదాయంలోనూ, చివరికి మరో క్రిప్టో లాభంలోనూ సర్దుబాటు చేసుకునే వీలు లేదు. అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్ కూడా కోస్తారు. అందుకే సగం సొమ్ము అన్న ఆలోచన నాకు సమ్మతం కాదు.

అయిదు వేల రూపాయలతో, అతని పేరున, అతని చేతనే కొనిపించండి. ఒక బిట్‌కాయిన్ పది కోట్ల భాగాలుగా విడిపోతుంది కాబట్టి మొత్తం ఒకటి కొననవసరం లేదు. కొన్ని యాప్‌లు నాణేలను బయటి వ్యాలెట్‌కు పంపనివ్వవు, పంపనిచ్చేవి రుసుము తీసుకుంటాయి. ఈ రెండూ ముందే చూసుకోండి. సొంత వ్యాలెట్‌కు బదిలీ చేశాక, పదాలను ఫొటో తీయకుండా కాగితంపై రాయించి, వ్యాలెట్ యాప్‌ను తొలగించి, ఆ కాగితం సాయంతో తిరిగి తెరవమనండి. ఆ కాగితం ఎక్కడుందో, దానితో ఏం చేయాలో ఇంట్లో నమ్మకమైన ఒకరికి అతను స్వయంగా వివరించగలగాలి. ఇదంతా మీరు పక్కన లేకుండా చేయగలిగే వరకు మిగతా డబ్బు ఫిక్సెడ్ డిపాజిట్‌లోనే ఉండనివ్వండి. ఈలోగా టెలిగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఎవరైనా రెట్టింపు చేస్తామని చేరదీసి, అతను డబ్బు పంపేస్తే, ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని చెప్పి ఉంచండి.