రిటుక్సిమాబ్ క్యాన్సర్ మందు కదా, ఐటీపీకి ఎందుకు?

అమ్మగారికి ఐటీపీ (సొంత యాంటీబాడీలే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అనీ, స్టెరాయిడ్ తగ్గించినప్పుడల్లా ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయనీ, ఇప్పుడు రిటుక్సిమాబ్ అంటుంటే అది క్యాన్సర్ మందేమోనని భయంగా ఉందనీ రాశారు. తిరుపతిలో మా చెల్లెలికి ఇదే మందు ఎక్కించారు.

క్యాన్సర్ మందే, అబద్ధమెందుకు. 1997లో అమెరికాలో లింఫోమా అనే క్యాన్సర్‌కే మొదట అనుమతి వచ్చింది. కానీ జుట్టు ఊడగొట్టే కీమో కాదు, ఇది ఒక యాంటీబాడీ, అంటే ఒక లక్ష్యాన్ని వెతికి పట్టుకునే ప్రొటీన్. బి కణాలనే ఒక రకం తెల్లరక్తకణాల మీద సీడీ20 అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఆ కణాలను చంపిస్తుంది. మన ప్లేట్‌లెట్ల మీద పడే యాంటీబాడీలు పుట్టేది ఆ కణాల సంతతి నుంచే. బంధువులంతా బొప్పాయాకు రసం తాగించమంటారు, ఆ సలహాలు తప్పవు. ఈ జబ్బు మూలాన్ని మాత్రం ఆ రసం తాకదు.

మా ఇంట్లో అసలు టెన్షన్ మందు ఎక్కించాక మొదలైంది. మర్నాడే కౌంట్ పెరుగుతుందనుకుంది మా అమ్మ. పెరగదు. అప్పటికే యాంటీబాడీలు తయారుచేస్తున్న ప్లాస్మా కణాల మీద సీడీ20 ఉండదు కాబట్టి వాటిని మందు తాకదు. ఫలితానికి కొందరికి వారాలు, కొందరికి రెండు నెలలు పడుతుంది. రోజూ రక్తపరీక్ష చేయించి కుమిలిపోకండి, డాక్టర్ చెప్పినప్పుడు చాలు. ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం ఆగకపోయినా, మలం నల్లగా వచ్చినా, తల పగిలిపోయేంత నొప్పి వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

అందరికీ పనిచేయదు కూడా. మొదట నూటికి అరవై మందికి కౌంట్ పెరుగుతుంది, అయిదేళ్లకు ఆ మేలు నిలిచేది ఇరవై, ఇరవై అయిదు మందికే. మా చెల్లెలికి పెరిగింది, ఇంకా నిలిచే ఉంది.

సాధారణంగా వారానికొకటి చొప్పున 4 సార్లు ఎక్కిస్తారు. మొదటిసారి చలి, వణుకు, జ్వరం రావచ్చు, చెల్లెలికి వచ్చాయి. నర్సు డ్రిప్ ఆపి, ఏవిల్ (అలర్జీ మందు) ఇచ్చి, మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టింది. రోజంతా పడుతుంది, దుప్పటి పట్టుకెళ్లండి. రాయవేలూరు వెళ్లాల్సిందేనని మావాళ్లు పట్టుబట్టారు గానీ, హెమటాలజీ (రక్తజబ్బుల) డాక్టర్ చూసుకుంటే ఇక్కడైనా సరే. 2007 నుంచి ఇదే మందు డాక్టర్ రెడ్డీస్ వాళ్ల రెడిటక్స్ పేరుతోనూ ఉంది; ఖర్చు, పథకం వర్తింపు గురించి ఆరోగ్యమిత్రను అడగండి.

హెపటైటిస్ బి పరీక్ష చేయకుండా మాత్రం ఎక్కించుకోనివ్వకండి. లోపల దాగిన వైరస్ ఈ మందుతో తిరగబడి కాలేయాన్ని దెబ్బతీయగలదు. వేయించాల్సిన టీకాలుంటే ముందే వేయించాలి, తర్వాత నెలల తరబడి అవి సరిగా పట్టవు. అమ్మగారు బీపీ మాత్రలు వాడుతుంటే ఆ రోజు పొద్దున వేసుకోవాలో వద్దో కూడా ముందే అడగండి, డ్రిప్‌లో బీపీ పడిపోవచ్చు.