రాజీనామా ముందా, ఆఫర్ లెటర్ ముందా?

ప్రశ్న: నా వయసు 34. మెకానికల్ డిజైన్‌లో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. జర్మనీలో స్థిరపడాలన్నది మా ఆలోచన. గత ఆరు నెలల్లో అక్కడి కంపెనీలకు అరవై దాకా అప్లికేషన్లు పెట్టాను. జవాబిచ్చినవాళ్లు ఇద్దరే. అక్కడికి వెళ్లి వెతుక్కుంటేనే పని దొరుకుతుందని స్నేహితులు అంటున్నారు. అందుకే ఉద్యోగం మానేసి, అక్కడే ఉండి పని వెతుక్కోనిచ్చే ఆపర్చునిటీ కార్డ్ మీద వెళ్దామనుకుంటున్నాను. మా పొదుపంతా కలిపితే ఇంటి ఖర్చులకు 14 నెలలు వస్తుంది. అందులో ఎనిమిది నెలల ఖర్చుకు సమానమైన సొమ్ము, 13,092 యూరోలు, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంత మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో వేయాలి. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. ఆమె, నాలుగేళ్ల పాప నాకు పని కుదిరాక వస్తారు. ఇంటి లోను ఇంకా నడుస్తోంది. ఈ మధ్య ఒక ఏజెంటు, 3,000 యూరోలు ముందుగా కడితే ఆఫర్ లెటర్ ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఏజెంటు సంగతి తేల్చేద్దాం. ఒక్క యూరో కూడా ఇవ్వకండి. పని ఇప్పించినందుకు ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందంలోని నియమం. జర్మనీ చట్టం కూడా, ఉద్యోగం కుదరకముందే అడ్వాన్సు పుచ్చుకోవడానికి ఒప్పుకోదు. ముందుగా డబ్బు అడిగాడంటే అతను అమ్ముతున్నది ఉద్యోగం కాదు, కాగితం. ఆ కాగితం దొంగదని వీసా ఆఫీసులో తేలితే, పోయేది 3,000 యూరోలతో ఆగదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మీరే ఇచ్చిన ఒక లెక్క ఉంది, దాన్ని మీరు పూర్తి చేసినట్టు లేరు. ఎనిమిది నెలల ఖర్చు 13,092 యూరోలైతే, మీ ఇంటి ఖర్చు నెలకు దాదాపు 1,636 యూరోలు. మొత్తం పొదుపు 22,900 చిల్లర. బ్లాక్డ్ అకౌంట్‌కు పోగా చేతిలో మిగిలేది 9,800. అంటే ఆరు నెలలు. కార్డు గడువు ఏడాది, మీ ఇంటి గడువు అందులో సగం.

మీరు వెళ్లిపోతే ఇంటి ఖర్చు తగ్గుతుంది కదా అనుకోవచ్చు. చాలామంది అనుకుంటారు. ఒక మనిషి తగ్గితే ఈఎంఐ తగ్గదు, పాప ఫీజు తగ్గదు, ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గదు. తగ్గేది మీ పెట్రోలు, మీ ఫోను బిల్లు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఇప్పుడు అంతా బాగానే జరిగిందనుకుందాం. వెళ్లిన నాలుగు నెలలకు పని కుదిరి, ఐదో నెలలో చేరారు. జీతం ఆ నెలాఖరుకు వస్తుంది. ఈలోగా ఐదు నెలల ఇంటి ఖర్చు 8,180 యూరోలు పోయాయి. మిగిలిన 1,600 చిల్లరలో మీ టికెట్ ఉంది, పాత నెలల్లో పడ్డ చిన్నాచితకా ఖర్చులున్నాయి. బ్లాక్డ్ అకౌంట్‌లో మిగిలిన సొమ్ము మీదే, కానీ పర్మిట్ మారి, అక్కడి ఆఫీసు సరేనన్నాకే చేతికొస్తుంది. అప్పటిదాకా నెలకు 1,091 యూరోలే తీసుకోగలరు. ఆ కార్డు మీద వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ పని చేసుకోవచ్చు, నిజమే. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. కానీ భాష అంతంతమాత్రంగా ఉంటే ఆ పని దొరకడమే కష్టం. దొరికినా, మీరు వెళ్లిన పనికి మిగలాల్సిన సమయాన్ని అది తినేస్తుంది.

అసలు నష్టం ఇదీ కాదు. చేతిలో డబ్బు అయిపోతున్న మనిషి బేరమాడలేడు. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒకాయన సరిగ్గా ఇలాగే వెళ్లారు. ఐదో నెలలో ఇంటి దగ్గర ఈఎంఐకి డబ్బు చాలడం లేదని ఫోను వస్తే, అప్పటికి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆఫర్‌కు తలూపారు. ఆ జీతం బ్లూ కార్డ్‌కు, అంటే డిగ్రీ, తగిన జీతం ఉన్నవాళ్లకిచ్చే పర్మిట్‌కు, ఉండాల్సిన పరిమితికి కొంచెం కింద ఉంది. దాంతో మామూలు స్కిల్డ్ వర్కర్ పర్మిట్ తీసుకోవాల్సి వచ్చింది. బ్లూ కార్డ్ ఉన్నవాళ్లు బి1 స్థాయి (మధ్యస్థ స్థాయి) జర్మన్‌తో 21 నెలలకే శాశ్వత నివాసానికి అప్లై చేయవచ్చు. ఆయన 36 నెలలు ఆగాలి. ఒక్క నెల టెన్షన్ ఏడాది పైన ఖరీదు చేసింది.

ఇదే లెక్కను ఆఫర్ చేతిలో పెట్టుకుని వేద్దాం. 2025లో బ్లూ కార్డ్‌కు ఏడాదికి 48,300 యూరోల గ్రాస్ జీతం కావాల్సి ఉండేది. ఇంజనీర్ల లాంటి కొరత ఉన్న వృత్తులకు 43,759.80 సరిపోయేది. ఈ అంకెలు ప్రతి జనవరిలో మారతాయి, అప్లై చేసే ముందు చూసుకోండి. మీకు 50,000 ఆఫర్ వచ్చిందనుకోండి. అది చూసి పన్నెండుతో భాగించి సంతోషపడకండి. పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్, నిరుద్యోగ బీమా, ఇన్‌కమ్ ట్యాక్స్ పోగా చేతికొచ్చేది నెలకు దాదాపు 2,650. పెళ్లయినవాళ్లకు ట్యాక్స్ తక్కువని మీకు ఎవరో చెప్పే ఉంటారు. భార్య యూరప్‌కు ఇవతల ఉన్నంతకాలం మిమ్మల్ని ఒంటరివాడి కింద, ట్యాక్స్ క్లాస్ 1లోనే చూస్తారు. ఆమె వచ్చి అడ్రసు నమోదు చేయించుకున్నాకే, ట్యాక్స్ తక్కువ పడే క్లాస్ 3 ఊసు.

ఇల్లు. అద్దె 900, దాని మీద హీటింగూ మెయింటెనెన్సూ 250 అనుకుందాం. జర్మనీ ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది ఆ 900 మాత్రమే. దాన్ని 'కాల్ట్‌మీటె' అంటారు, అంటే హీటింగ్ కలపని అద్దె. డిపాజిట్ ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా అడగవచ్చు. అంటే మొదటి నెలలోనే 2,700, దానికి 1,150 కలిపి 3,850 యూరోలు. చట్టం ప్రకారం డిపాజిట్‌ను మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది, అడగండి. ఇంకో మాట. చాలా ఇళ్లు వంటగది లేకుండా అద్దెకిస్తారు. వంటగది అనే గది ఉంటుంది, అందులో సింకు, స్టవ్వు ఉండవు, గోడలోంచి పైపు మాత్రం బయటికొచ్చి ఉంటుంది. మొదటి ఆరు నెలలు ఫర్నిచర్ ఉన్న గది చూసుకోవడం మేలు.

2,650లో అద్దె 1,150, మీ తిండీ ప్రయాణాలూ 700 పోతే, ఇంటికి పంపగలిగేది 800. ఇంటికి కావాల్సింది 1,636. ఉద్యోగం వచ్చాక కూడా, రెండు కాపురాలు నడిచినన్నాళ్లు నెలకు 830 లోటు. మీ స్నేహితులెవరూ ఈ అంకె చెప్పి ఉండరు.

కానీ ఈ దారిలో లోటును మోసే శక్తి మీకుంది. ఆఫర్‌తో వెళితే బ్లాక్డ్ అకౌంట్ అక్కర్లేదు, జీతమే ఆధారం. 22,900లోంచి టికెట్, డిపాజిట్, మొదటి జీతం దాకా మీ ఖర్చు, అన్నీ కలిపి 5,000 తీయండి. జీతం రాని మొదటి నెల ఇంటి ఖర్చు 1,636 తీయండి. ఆరు నెలల లోటు దాదాపు 5,000 తీయండి. ఇంకా 11,000 పైన ఉంటుంది. అది ఏడు నెలల ఇంటి ఖర్చు కంటే కాస్త తక్కువ. ఆరు నెలలని ఎందుకన్నానంటే, జర్మనీలో ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండవచ్చు. ఆ కాలంలో ఎవరైనా రెండు వారాల నోటీసుతో తెగతెంపులు చేసుకోవచ్చు. ప్రొబేషన్ తీరేదాకా ఇక్కడి ఇల్లు ఖాళీ చేయకండి, పాప స్కూలు మార్చకండి. వాళ్లు వచ్చాక ట్యాక్స్ తగ్గుతుంది, పాపకు పిల్లల భత్యం వస్తుంది (2025లో నెలకు 255 యూరోలు), ఇక్కడి ఇంటికి అద్దె వస్తుంది. లోటు అప్పుడు పూడుతుంది.

కాబట్టి ఇప్పుడే రాజీనామా వద్దు. కానీ అరవై అప్లికేషన్లకు రెండు జవాబులొచ్చిన పద్ధతినే ఇంకో ఆరు నెలలు కొనసాగించమనడం లేదు. ఇక్కడ కూర్చుని వెతకడానికి అయ్యే ఖర్చు, వెళ్లి వెతకడంతో పోలిస్తే గోరంత. అందులో కొంచెం ఉదారంగా ఉండండి. ముందు, విదేశీ డిగ్రీలకు జర్మనీలో ఉన్న గుర్తింపును చూపే అనాబిన్ అనే డేటాబేస్‌లో మీ కాలేజీ, డిగ్రీ ఎలా నమోదయ్యాయో చూడండి. అక్కడ లేకపోతే, విదేశీ డిగ్రీలను పరిశీలించే జర్మనీ ఆఫీసు జడ్‌ఏబీ దగ్గర డిగ్రీ పోలిక పత్రం తీసుకోవాలి, ఫీజు 208 యూరోలు. సీవీలో పేరు కిందే ఒక వాక్యం రాయండి: డిగ్రీ గుర్తింపు ఉంది, బ్లూ కార్డ్‌కు అర్హత ఉంది, ఇన్ని వారాల్లో చేరగలను. మీ వీసా తలనొప్పి కంపెనీకి ఎంతవరకన్నది వాళ్లకు మొదటి పది సెకన్లలో తెలియాలి. మీరు దూరంగా ఉన్నారన్నది మీరనుకున్నంత పెద్ద లోపం కాదు. అక్కడి ఉద్యోగులకే మూడు నెలల నోటీసు పీరియడ్ మామూలు, ఆగడం కంపెనీలకు అలవాటే. మెకానికల్‌లో నిజమైన అడ్డు భాష. నా లెక్కలో మీ డబ్బుకు అన్నిటికంటే మంచి పెట్టుబడి జర్మన్ క్లాసే. ఇంటి ఖర్చులో ఐదు శాతం దానికీ పరీక్ష ఫీజులకీ పక్కన పెట్టండి.

ఆశించే జీతం ఎంతని అప్లికేషన్‌లోనే అడుగుతారు. ఏడాది గ్రాస్ అంకె రాయాలి. భయపడి తక్కువ రాస్తే బ్లూ కార్డ్ పరిమితి కిందికి మీరే దిగిపోతారు. తరలింపు ఖర్చు ఇస్తామంటే తీసుకోండి. కానీ ఫలానా గడువులోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో, ప్రొబేషన్‌లో వాళ్లే తీసేసినా అది వర్తిస్తుందేమో చదవండి.

దీనికి తొమ్మిది నెలలు గడువు పెట్టుకోండి. అప్పటికి బి1 పాసై, రెండు మూడు కంపెనీలతో ఇంటర్వ్యూలు నడుస్తూ, బ్లాక్డ్ అకౌంట్ సొమ్ము కాక విడిగా పది నెలల ఇంటి ఖర్చు ఉంటే, కార్డు మీద వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు. ఇప్పటి ఆరుకూ ఆ పదికీ మధ్య తేడా నాలుగు నెలల ఖర్చు. ఉద్యోగం చేస్తూనే కూడబెట్టాలి. లోను ముందుగా తీర్చే ఆలోచనుంటే ఆపండి. ఈ ఏడాది మీకు తక్కువ అప్పు కంటే చేతిలో నగదు ముఖ్యం.

ఏ దారిన వెళ్లినా, బయల్దేరే ముందు ఈఎంఐ కట్ అయ్యే అకౌంట్‌ను జాయింట్‌గా మార్చండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరు మీతోపాటు విదేశానికి పోతే, ఇక్కడ డబ్బుండి కూడా మీ భార్య వాయిదా కట్టలేక ఇబ్బంది పడతారు. ఆ నంబరు ఏ ఫోనులో ఉండాలో ఇద్దరూ కూర్చుని ఇప్పుడే తేల్చుకోండి.