మీ చేపల తొట్టి: ప్రశ్నలు – జవాబులు

రెండడుగుల తొట్టి కొని ఆరు గోల్డ్‌ఫిష్ వేశాం. ప్రతి ఆదివారం చేపల్ని బకెట్‌లోకి తీసి రాళ్లు, ఫిల్టరు స్పాంజీ, అద్దాలు అన్నీ కుళాయి కింద రుద్ది కడుగుతున్నాం. నీళ్లు తేటగానే ఉన్నాయి. అయినా వారం తిరక్కుండా ఒకటో రెండో చస్తున్నాయి. ఎందుకు?
– ఓ పాఠకురాలు, నెల్లూరు

ఆ ఆదివారం కడుగుడే వాటి ప్రాణం మీదికి తెస్తోందమ్మా. చేపల మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది చేపలకి విషం. కంటికి కనపడదు, తేట నీళ్లలోనూ ఉంటుంది. స్పాంజీకీ రాళ్లకీ పట్టే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం ఆ నైట్రైట్‌ని పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ రెండూ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరేమో ఏడో రోజుకే క్లోరిన్ నీళ్లతో కడిగి పారబోస్తున్నారు.

ఇకమీదట వారానికోసారి సైఫన్ పైపుతో రాళ్ల సందుల్లోని మడ్డిని లాగుతూ పావు వంతు నీళ్లు మాత్రమే తీయండి. తీసిన ఆ నీళ్లలోనే స్పాంజీని రెండుసార్లు పిండి పెట్టేయండి. గోధుమరంగు మొత్తం వదలాలని రుద్దొద్దు. మునిసిపాలిటీ నీళ్లు పోసేటట్టయితే క్లోరిన్ విరగ్గొట్టాలి. 10 గ్రాముల హైపో (సోడియం థయోసల్ఫేట్) పలుకుల్ని లీటరు నీళ్లలో కరిగించి ఉంచుకోండి. 20 లీటర్ల బకెట్‌కి అందులోంచి 15 మిల్లీలీటర్లు కలిపి, కాసేపాగి తొట్టిలో పోయండి. లీటరుకి ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న నీళ్లకి ఆ మోతాదు సరిపోతుంది.

ఇంకో మాట. 2 x 1 x 1 అడుగుల తొట్టిలో రాళ్లు, పైన ఖాళీ పోను పట్టేది 50 లీటర్ల లోపే. ఆరు గోల్డ్‌ఫిష్‌కి అది ఏమూలకీ రాదు, రెండుంటే ఎక్కువ. నోరు తెరిచే ప్లాస్టిక్ మొసలికి పెట్టే డబ్బుతో అమ్మోనియా టెస్ట్ కిట్టు కొనండి. లీటరుకి 0.5 మిల్లీగ్రాములు దాటితే ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చి, మేత ఆపండి. కిట్టు దొరక్కపోతే సీసాడు నీళ్లు పట్టుకుని రొయ్యల చెరువుల వాళ్లు వెళ్లే ఆక్వా ల్యాబుకి వెళ్లండి, మన జిల్లాలో వాటికి కొదవ లేదు.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, బకెట్లకి తెల్లగా చారలు కడతాయి. క్యాన్ నీళ్లు పోస్తే మంచిదా?
– ఓ పాఠకుడు, కందుకూరు

ఒట్టి క్యాన్ నీళ్లు పోయొద్దు. ఆర్‌ఓలో ఖనిజాలు దాదాపు అన్నీ పోతాయి కాబట్టి నీళ్ల పీహెచ్‌ (ఆమ్ల, క్షార గుణాల కొలత) నిలకడగా ఉండదు, ఉన్నట్టుండి పడిపోతుంది. బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు సగం సగం కలపండి. బోరు నీళ్లని ముందురోజే తోడి, రాత్రంతా గాలిరాయి (ఎయిర్ పంపు పైపు చివర బుడగలు వదిలే రాయి) పెట్టి ఉంచండి. ఆ మార్పు కూడా ఒక్కసారిగా వద్దు, మూడు నాలుగు వారాల్లో కొంచెం కొంచెంగా చేయండి. గప్పీ, మోలీ, ప్లాటీ మీ నీళ్లకి సరిపోతాయి. టెట్రాలు, డిస్కస్ జోలికి పోకపోవడమే మేలు.

చాలామంది పట్టించుకోని సంగతొకటుంది. ఎండకి ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది. తగ్గిన మేరకి మళ్లీ బోరు నీళ్లే పోస్తుంటే నెల తిరిగేసరికి ఉప్పదనం ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆవిరైనదానికి బదులు క్యాన్ నీళ్లే పోయండి. వారం వారం మార్చే నీళ్లకి మాత్రం పైన చెప్పిన మిశ్రమం వాడండి.

ఎండాకాలంలో తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కరెంటు పోయిన రాత్రయితే మరీను.
– ఓ పాఠకుడు, ఒంగోలు

వాటికి గాలి చాలడం లేదు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. వేడికి చేపకి ఆక్సిజన్ అవసరమేమో పెరుగుతుంది. మొక్కలుంటే రాత్రిపూట అవీ పీల్చుకుంటాయి. రోహిణి కార్తె రోజుల్లో రాత్రి మేత మానేయండి. అద్దం మూత తీసి వల కప్పండి. టేబుల్ ఫ్యాన్‌ని నీళ్ల మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గొచ్చు, కానీ సముద్రపు ఉక్క ఉన్న రోజు అంత ఫలితం ఉండదు. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు. గడ్డకట్టిన నీళ్ల సీసాని తేలనివ్వండి, గంటకి ఒక డిగ్రీకి మించి దించొద్దు.

కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు ఉండాలి. అది లేకపోతే పావుగంటకోసారి చెంబుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పోయండి. మామూలు పంపుని నీటిమట్టం కంటే పైన పెట్టండి, లేదంటే గాలి పైపుకి నాన్‌రిటర్న్ వాల్వు బిగించండి. లేకుంటే పంపు ఆగగానే నీళ్లు పైపు వెంట వెనక్కొచ్చి మోటారులోకి దిగుతాయి, నేలంతా మడుగవుతుంది.

ఒంటి మీద ఉప్పు పలుకుల్లా తెల్ల చుక్కలు వచ్చాయి. మందు తొట్టిలోనే వేయొచ్చా?
– ఓ విద్యార్థి, కావలి

మిథిలిన్ బ్లూ అయితే తొట్టిలో వద్దు, ఫిల్టరులోని బ్యాక్టీరియాని చంపుతుంది. చేపలన్నిటినీ వేరే టబ్బులోకి తీసి, గాలిరాయి పెట్టి, లీటరుకి ఒక గ్రాము చొప్పున రాళ్ల ఉప్పు రెండు విడతలుగా కరిగించి పోయండి. చుక్కలు రాలిపోయినా ఆపొద్దు. ఆ చుక్కల్ని తెచ్చే పరాన్నజీవి చర్మం కింద ఉన్నప్పుడు మందుకి లొంగదు, నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది. అందుకే పది రోజులైనా సాగించాలి.