పిల్లలను మంచులో తృప్తిగా ఆడించడానికి ఎక్కడికి వెళ్లాలి? కావలి నుంచి మనాలి వెళ్లిన మా అనుభవం

ఒంగోలు నుంచి మీరు అడిగింది ఇది: ఐదేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు, అరవై ఏడేళ్ల అమ్మగారితో కలిసి సంక్రాంతి సెలవుల్లో మంచు కురిసే చోటికి వెళ్లాలనుకుంటున్నారు, ఎక్కడికి వెళ్లాలి, ఏం సర్దుకోవాలి, పెద్దావిడ ఆ చలిని తట్టుకోగలరా అన్నది మీ సందేహం. మాది కావలి. మూడేళ్ల క్రితం జనవరిలో మేమిద్దరం, మా అత్తగారు, అప్పటికి ఆరేళ్ల పాప, పదేళ్ల బాబు కలిసి హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలి వెళ్లి ఆరు రాత్రులు ఉండి వచ్చాము. మొదటి రోజు చేసిన పొరపాటు వల్ల ఆ ప్రయాణం మొత్తం పాడయ్యేదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మన వైపు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద పరుచుకునే పొగమంచు, గడ్డి కొనల మీద నిలిచే మంచు బొట్లు. ఆంధ్రా కాశ్మీరం అని అందరూ పిలుచుకునే లంబసింగికి వెళ్లినా కనిపించేది ప్రధానంగా ఆ పొగమంచే. చూడటానికి అది ఎంతో అందంగా ఉంటుంది గాని, పిల్లలు గుప్పిట్లోకి తీసుకుని ఉండలు చేయాలన్నా, వాలు మీద జారాలన్నా హిమాలయాలకు వెళ్లక తప్పదు. కశ్మీరులోని గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ మంచు మరింత లోతుగా పడుతుంది. మనాలి పట్టణం సుమారు 2,050 మీటర్ల ఎత్తులోనే ఉంది. ఆడుకునే సోలంగ్ లోయ అక్కడికి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో సుమారు 2,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, వాంతులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి కనుక, రాత్రి కింద పడుకుని పగలు పైకి వెళ్లి ఆడుకునే వీలున్న మనాలినే, ముఖ్యంగా పెద్దావిడ ఉన్నారు కాబట్టి, నేను మీకు సూచిస్తాను.

సమయం విషయంలో మీ ఆలోచన సరైనదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాలకు వానలు తెచ్చినట్టే, చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి కదిలి వచ్చే పశ్చిమ అలజడులు హిమాలయాలకు మంచును తెస్తాయి. మన వాయుగుండాల మాదిరిగానే అవి కూడా విడతలు విడతలుగా వస్తాయి. రెండు రోజులు ఎడతెగక కురిసి, తరువాత కొన్నాళ్లు ఆకాశం తేటగా ఉంటుంది. క్రిస్మస్ సెలవుల్లో వెళ్లినవారికి ఒక్కోసారి పట్టణంలో మంచే కనిపించదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో దొరికే అవకాశం ఎక్కువ. రెండు రోజుల కోసం అంత దూరం వెళ్లవద్దని చెప్పేది కూడా ఇందుకే. కనీసం ఐదు రాత్రులు ఉంటేనే కురిసే రోజూ చూడవచ్చు, కురిసి వెలిసిన మరునాటి ఎండలో ఆడుకోనూ వచ్చు.

ఇక మొదటి రోజు సంగతి. మేము నెల్లూరులో గ్రాండ్ ట్రంక్ రైలు ఎక్కి రెండు రాత్రులు ప్రయాణించి ఢిల్లీలో దిగి, ఆ రాత్రికే బస్సెక్కి మనాలి చేరుకున్నాము. విశ్రాంతి తీసుకోకుండా అదే ఉదయం సోలంగ్‌కు బయలుదేరడం మా మొదటి తప్పు. దారి పొడవునా కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఉంటాయి. ఒక దుకాణంలో పిల్లలకు ఇచ్చిన బూట్లను లోపల చెయ్యి పెట్టి చూడకుండానే తొడిగాము. పాప బూటు మడమ దగ్గర పగిలి ఉన్నదని మాకు తెలియలేదు. పైగా లోపల వేసినవి బడికి వేసుకునే నూలు సాక్సులు, చేతులకు కావలి బజారులో కొన్న ఊలు గ్లౌజులు. అరగంట కేరింతలు కొట్టిన పిల్ల ఉన్నట్టుండి మౌనంగా కూర్చుండిపోయింది. గ్లౌజులు తీసి చూస్తే వేళ్ల కొసలు సున్నం రాసినట్టు పాలిపోయి ఉన్నాయి, గిచ్చినా తెలియడం లేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే స్థానిక మహిళ ఒకామె పరుగున వచ్చి, మేము ఆ వేళ్లను రుద్దబోతుంటే ఆపి, నిప్పు దగ్గర పెట్టవద్దని సైగ చేసి, పాప చేతులను మా వారి చొక్కా లోపల చంకల్లో పెట్టించింది. పావుగంటకు రంగు తిరిగి వచ్చింది, దానితో పాటు మంటకు ఏడుపూ వచ్చింది. ఆ ఏడుపు విన్నాకే మాకు ప్రాణం కుదుటపడింది.

ఆమె చేయించినదే సరైన పద్ధతి అని తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్నాను. తిమ్మిరెక్కిన చర్మాన్ని రుద్దితే లోపలి కణజాలం దెబ్బతింటుంది. నిప్పుకు చూపిస్తే కాలుతున్నా తెలియదు. ఒంటి వేడితోగాని, పెద్దవాళ్ల మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లతోగాని మెల్లగా వెచ్చబరచాలి. అప్పటికీ రంగు, స్పర్శ రాకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పిల్లల శరీరం చిన్నది కనుక బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. మనకంటే వేగంగా వేడిని కోల్పోతారు, ఆటలో పడి చెప్పరు కూడా. గలగలా మాట్లాడే పిల్ల ఉన్నట్టుండి మౌనంగా ఉంటే, వణుకుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, ఆట ఆపి లోపలికి తీసుకురావలసిందే.

ఆ సాయంత్రం నుంచి మేము ఒక నియమం పెట్టుకున్నాము. చేతులు, పాదాలు పొడిగా ఉన్నంతసేపే ఆట. సున్నా కంటే కింద చలిని కూడా పొడి బట్టల్లో ఉన్న పిల్లలు హాయిగా భరిస్తారు. తడిసిన సాక్సుతో మాత్రం పది నిమిషాలు కూడా భరించలేరు. నూలు నీటిని పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, అది మన ఎండలకు ఎంత సుఖమో ఆ చలికి అంత ప్రమాదం. కాబట్టి ఒంటికి ఆనుకుని థర్మల్స్ అనే పలుచని వెచ్చని లోదుస్తులు, దాని మీద ఊలు స్వెట్టరు, అన్నిటికీ పైన నీరు చొరని కోటు, ప్యాంటు వేయాలి. ఒకే దళసరి కోటు కంటే ఈ మూడు పొరలు మేలు, ఎందుకంటే వెచ్చదనాన్ని పట్టి ఉంచేది బట్టల మధ్య నిలిచిన గాలే. ఊలు గ్లౌజులు ఒక్కటే చాలవు, వాటి పైన నీరు చొరని గ్లౌజులు తొడగాలి. కోట్లు, బూట్లు అక్కడే అద్దెకు తీసుకోవచ్చు, కాని బూటు లోపల చెయ్యి పెట్టి తడిమి, వెలుతురుకు పట్టి చూసి, దళసరి సాక్సు వేసిన తరువాత వేళ్లు ఆడుతున్నాయో లేదో పరీక్షించి తీసుకోండి. బిగుతు బూటు రక్తప్రసరణను ఆపి చలిని ఇంకా పెంచుతుంది. గ్లౌజులు, ఊలు సాక్సులు మాత్రం సొంతవి కొనండి, ఒక్కొక్కరికి మూడేసి జతలు. డబ్బు పొదుపు చేయాలనుకుంటే హోటల్ గదిలో చేయండి, వీటిలో వద్దు.

రెండవ రోజు నుంచి మేము చూడవలసిన చోట్ల పట్టికను పక్కన పెట్టేశాము. జనం తక్కువగా ఉన్న ఒక చిన్న వాలును వెతుక్కుని, వరుసగా మూడు రోజులు ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా అక్కడే ఉన్నాము. నలభై నిమిషాలు ఆట, తరువాత టీ కొట్టులో కూర్చుని గ్లౌజులు మార్చి వేడివేడిగా ఏదైనా తాగించడం, మళ్లీ ఆట. స్నో స్కూటరు, గుర్రపు స్వారీ వంటివి ఐదు నిమిషాల్లో ముగిసిపోతాయి, పిల్లలకు అందులో చేయడానికేమీ ఉండదు. మావాళ్లు ఇప్పటికీ తలచుకునేది ఆ వాలునే.

మంచుతో కట్టడం మన సముద్ర తీరపు పిల్లలకు కొత్త విద్య కాదు. తుమ్మలపెంట ఒడ్డున పాదం మీద ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు తీసి పిచ్చుకగూళ్లు కట్టేటప్పుడు పొడి ఇసుక నిలవదనీ, అల తడిపిన ఇసుకైతే నిలుస్తుందనీ మీ పిల్లలకూ కొత్తపట్నంలో తెలిసే ఉంటుంది. మంచూ అంతే. ఉదయం గట్టి చలిలో అది పిండిలా రాలిపోతుంది, ఎంత నొక్కినా ఉండ కట్టదు. ఎండెక్కి సున్నా డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి రేణువుల మీద పలుచని నీటిపొర ఏర్పడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందువల్ల ఉదయం జారుడాట, మధ్యాహ్నం బొమ్మలు కట్టడం అని మా బాబే విభజించాడు. పాప పాదం మీద కట్టిన మంచు పిచ్చుకగూడు మరునాటికి రాయిలా గట్టిపడి అలాగే ఉంది. రాత్రి చలికి ఆ నీటిపొర గడ్డకట్టడమే అందుకు కారణం.

మేమున్న రోజుల్లోనే భోగి వచ్చింది. ఇంటి ముందు ముగ్గు, గొబ్బెమ్మలు లేకుండా పండుగ గడిచిపోతున్నదని మా అత్తగారు ముందు రోజంతా దిగులుగానే ఉన్నారు. భోగినాటి ఉదయం హోటల్ పెరట్లో ఎవరూ తొక్కని తాజా మంచు మీద ఆవిడ చేతికర్ర కొసతో చుక్కలు పెట్టి ముగ్గు గీశారు. మధ్యాహ్నం మంచు మెత్తబడ్డాక మనవరాలితో కలిసి మంచుతోనే ఐదు గొబ్బెమ్మలు చేసి, సంచిలోని పసుపు కుంకుమలు అద్ది, గుమ్మడిపూలకు బదులు కమలాపండు తొక్కలను రేకుల్లా విప్పి గుచ్చి, చుట్టూ తిరుగుతూ గొబ్బిపాటలు పాడారు. హోటల్లో వంట చేసే కుర్రవాళ్లు కూడా వచ్చి చప్పట్లు కలిపారు. మీ అమ్మగారు కూడా సంక్రాంతికి ఇల్లు వదిలి రావడానికి ఇష్టపడకపోవచ్చు. ఈ సంగతి ఆవిడకు చెప్పి చూడండి.

పెద్దావిడ తట్టుకోగలరా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇది: ముందుగా వైద్యుడికి చూపించి, ఆయన సరేనంటే తట్టుకోగలరు. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది కనుక రక్తపోటు మందులు వాడేవారు ఒక్క పూట కూడా మానకూడదు. దాహం వేయకపోయినా నీళ్లు తాగించాలి, ఆ పొడిగాలికి ఒంట్లో నీరు తెలియకుండానే తగ్గిపోతుంది. జారిపడతారన్న భయం మాకు ఎక్కువగా ఉండేది గాని, మా అందరిలో చక్కగా నడిచింది ఆవిడే. తడిసిన వరి గట్ల మీద నడిచిన అలవాటుతో అడుగులు చిన్నగా వేస్తూ, పాదం మొత్తం ఆనించి, ఒంటి బరువు ముందు కాలి మీద నిలిపి నడిచేవారు. మా బాబుకు అదే నేర్పారు.

జారుడాట గురించి ఒక మాట. అక్కడి పిల్లలు ఎరువుల సంచిలో గడ్డి కుక్కి దాని మీద జారుతారు. చిన్నప్పుడు తాటిమట్ట మీద కూర్చోబెట్టి ఇసుకలో లాక్కుపోయిన ఆటే నాకు గుర్తుకు వచ్చింది. వాలు చిన్నదిగా ఉండాలి, అడుగున చదునైన ఖాళీ స్థలం ఉండాలి, అక్కడ చెట్టు, బండరాయి, వాగు, రోడ్డు ఉండకూడదు. కాళ్లు ముందుకు చాచి కూర్చునే జారాలి, తల ముందుగా ఎప్పుడూ వద్దు. నిటారైన కొండవాలు కింద ఆడవద్దు. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే మంచు చరియలు ఎక్కువగా విరిగిపడతాయి. గడ్డకట్టిన వాగు మీదికి, మంచు పేరుకున్న ఇంటి చూరు కిందికి పిల్లలను పోనివ్వకండి.

ఎండను కూడా తేలికగా తీసుకోకండి. పొడి సముద్రపు ఇసుక అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతాన్ని తిప్పికొడితే, తాజా మంచు 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆ కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. మా బాబుకు గడ్డం కింద, ముక్కుపుటాల అంచుల్లో చర్మం కమిలింది, ఎందుకంటే వెలుగు కింది నుంచి కూడా తగులుతుంది. నల్ల కళ్లద్దాలు అందరికీ తప్పనిసరి. పెదవులకు మేము నెయ్యి రాశాము. కొబ్బరినూనె తీసుకెళ్లడం వృథా, 24 డిగ్రీల లోపు అది గడ్డకట్టి సీసాలోంచి రాదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది గది గురించి. చలి కాచుకోవడానికి బొగ్గుల కుంపటి ఇస్తామంటే తీసుకోకండి. తలుపులు మూసిన గదిలో బొగ్గు కాలితే వాసన లేని విషవాయువు, కార్బన్ మోనాక్సైడ్, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు హీటరు ఉన్న గదినే ముందుగా మాట్లాడుకోండి.

ఒక రోజు మిగిలితే అటల్ సొరంగం దాటి లాహౌల్ లోయలోని సిస్సు గ్రామం దాకా వెళ్లవచ్చు. 9.02 కిలోమీటర్ల పొడవున, 3,000 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న ఆ సొరంగం 2020 అక్టోబరు 3న ప్రారంభమైంది. ఇవతల పలుచగా ఉన్న మంచు అవతల మోకాలి లోతు ఉండటం చూసి పిల్లలు కేకలు వేశారు. అయితే గాలి కోసేస్తుంది, పాపకు తలనొప్పి మొదలవడంతో మేము గంటలోనే తిరిగి వచ్చాము. పెద్ద మంచు పడిన రోజున పోలీసులు వాహనాలను ఆపేస్తారు. ఆపినచోట వాదించక వెనక్కి తిరగండి.

రోడ్లు మూసుకుపోయే అవకాశం ఉన్నందున మనాలి నుంచి దిగడానికీ, ఢిల్లీలో రైలు ఎక్కడానికీ మధ్య ఒక రోజైనా ఖాళీ ఉంచుకోండి. వెళ్లేటప్పుడు కూడా ఢిల్లీలో ఒక రాత్రి పడుకుని బయలుదేరితే ఘాట్ మలుపుల్లో పిల్లలకు వాంతులు తగ్గుతాయి. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది కాబట్టి, జనవరి 10వ తేదీ ప్రాంతంలో బయలుదేరాలంటే నవంబరు రెండవ వారంలోనే టికెట్లు చూసుకోవాలి. పాప కాలి కొలత, బాబు కాలి కొలత కాగితం మీద గీసి ఉంచుకోండి, అద్దె బూట్ల దగ్గర పనికివస్తుంది.