బ్రాయిలర్ దాణాలో యాంటీబయాటిక్ పొడికి బదులు ప్రోబయాటిక్ వాడొచ్చా?

ప్రశ్న: రెండు షెడ్లలో 5,000 బ్రాయిలర్ కోళ్లు పెంచుతున్నాం. మొక్కజొన్న, సోయా చెక్కతో దాణా కలుపుకుని మిల్లులో పెల్లెట్ (గుళికలు) కొట్టిస్తాం. ఎదుగుదలకని డీలరు ఇచ్చే యాంటీబయాటిక్ పొడి కూడా కలుపుతున్నాం. దాన్ని మానేసి ప్రోబయాటిక్ (పేగుకు మేలుచేసే క్రిములు) వాడమంటున్నారు. బరువు తగ్గుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏది, ఎలా వాడాలి?
– ఒక రైతు, షాద్‌నగర్ ప్రాంతం

జవాబు: మానేయొచ్చు. ముందు ఆ పొడి ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడండి. కొలిస్టిన్ అని ఉంటే ఈ రోజే పక్కన పెట్టేయండి. కోళ్లకు, పశువులకు దాని వాడకాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది. మనుషులకు మరే మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరుగా వాడే మందుల్లో అదొకటి.

ఇక బరువు సంగతి. డెన్మార్క్ బ్రాయిలర్ రైతులు 1998లోనే ఇలాంటి పొడులు మానేశారు. బరువులు పడిపోలేదు, మరణాలు పెరగలేదు. ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు కోడి తినే దాణా) మాత్రం రవ్వంత పెరిగింది. అయితే వాళ్లు కాక్సీడియా (పేగును దెబ్బతీసే పరాన్నజీవి) మందు ఆపలేదు, మీరూ ఆపొద్దు. కాక్సీడియా వల్ల పేగు లోపలి పొర దెబ్బతింటే అక్కడే పేగు జబ్బు తెచ్చే క్లాస్ట్రీడియం క్రిములు పెరుగుతాయి.

మీది పెల్లెట్ దాణా కాబట్టి బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ రకాలు తీసుకోండి. ఇవి స్పోర్ల (గట్టి పొరలో నిద్రాణంగా ఉండే క్రిముల) రూపంలో ఉంటాయి, పెల్లెట్ కొట్టేటప్పటి వేడిని తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ ఆ వేడికి చాలావరకు చచ్చిపోతుంది. ధర కన్నా ముందు లేబుల్ మీద సీఎఫ్‌యూ (బతికున్న మేలుచేసే క్రిముల లెక్క) అంకె, గడువు తేదీ చూడండి. గ్రాముకు 100 కోట్ల సీఎఫ్‌యూ ఉన్న పొడిని టన్నుకు అర కిలో కలిపితే కిలో దాణాకు 50 కోట్లు అందుతాయి, అది చాలు. సీఎఫ్‌యూ అంకే లేని ప్యాకెట్‌కు డబ్బు పెట్టకండి. ముందు పది కిలోల మొక్కజొన్న నూకలో బాగా కలిపి, ఆ తర్వాత మొత్తం దాణాలో కలపండి. మొదటి రోజు నుంచి అమ్మే దాకా ఇవ్వాలి. నీళ్లలో ఇచ్చే రకమైతే ఆ నీటిలో బ్లీచింగ్ ఉండకూడదు.

నిజానికి యాంటీబయాటిక్ పొడి ఇన్నాళ్లూ షెడ్డులోని లోపాలను కప్పిపెడుతూ వచ్చింది. ప్రోబయాటిక్ ఆ పని చేయదు. డ్రింకర్ల కింది ఊకను పిడికిట్లో గట్టిగా పట్టి వదలండి. ముద్దలా ఉండిపోతే తడి ఎక్కువైనట్టే. ఆ ఊక తీసేసి పొడిది వేయండి, లీకులు ఆపండి, లిట్టర్ తిరగేస్తూ ఉండండి. రెట్టలను పుల్లతో విడదీసి చూడండి. మొక్కజొన్న ముక్కలు అరగకుండా వస్తున్నా, నారింజ రంగు జిగురు కనిపించినా పేగు బాగా లేనట్టు. సోయా చెక్క సరిగా వేగనిదైనా, చేపల పొడి ఎక్కువైనా అరగని మాంసకృత్తులు కింది పేగుకు చేరి క్లాస్ట్రీడియానికి మేతవుతాయి. దాణా ఖర్చు తగ్గించుకోవాలని నాసిరకం సోయా కొనే వాళ్లకు నేను ప్రోబయాటిక్ సిఫార్సు చేయను, డబ్బు దండగ.

రెండు షెడ్లలోనూ ఒకేసారి మార్చకండి. ఈ బ్యాచ్‌కు ఒక షెడ్డులో మార్చి, రెండింటికీ దాణా, బరువు, మరణాలు విడివిడిగా రాసుకోండి. వానాకాలంలో మాత్రం మొదలుపెట్టొద్దు.

కోళ్లు ఉన్నట్టుండి చనిపోతూ, కోసి చూస్తే పేగు ఉబ్బి, లోపల గోధుమరంగు పొర కట్టి ఉంటే వెంటనే పశువైద్యుడికి చూపించండి. అప్పుడు ఆయన రాసే యాంటీబయాటిక్ వైద్యం కోసం. చెప్పినన్ని రోజులు వాడి, మందు ఆపాక ఆగమని చెప్పిన రోజులు పూర్తయ్యాకే కోళ్లు అమ్మండి. కోర్సు నడిచేటప్పుడు ప్రోబయాటిక్ ఆపి, అయిపోయాక మళ్లీ మొదలుపెట్టండి.