అంతమంది ఉన్నారు కదా అని ఆగిపోయాను

ప్రశ్న: అక్కా, నాకు ముప్ఫై నాలుగేళ్లు. బట్టల షాపులో అకౌంట్స్ చూస్తాను. మూడు వారాల కిందట రాత్రి తొమ్మిదిన్నరకు షాపు మూసేశాక బస్టాపులో నిలబడ్డాను. రోడ్డుకి అవతల, జిరాక్స్ షాపు మెట్ల దగ్గర ఒకడు ఒకమ్మాయి జడ పట్టుకుని లాగుతున్నాడు. ఆ పిల్ల "అన్నా, ఎవరన్నా రండన్నా" అని అరుస్తోంది. బస్టాపులో పదిహేను మందిమైనా ఉంటాం, ఎవరూ కదల్లేదు. "మొగుడూ పెళ్లాలేమోలే" అంది నా పక్కావిడ. నేనూ అదే అనుకున్నాను, నిజం చెప్పాలంటే అలా అనుకోవాలని అనుకున్నాను. చివరికి అరటిపళ్ల బండాయన రోడ్డు దాటి వెళ్లాడు. ఆయన వెనకే ఇంకో నలుగురు పరుగెత్తారు, వాడు బైకెక్కి పారిపోయాడు. ఆ అమ్మాయి పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మా ఆయనేమో "నువ్వు వెళ్లకపోవడమే మంచిదైంది, మనకెందుకా గొడవ" అంటున్నారు. నేను మంచిదాన్ని కానా అక్కా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చెల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "అలా అనుకోవాలని అనుకున్నాను" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తన మనసులో ఏం జరిగిందో ఇంత నిజాయితీగా చెప్పుకోగలిగిన మనిషి చెడ్డది కాదు. కానీ పర్లేదులే, నీ తప్పేం లేదు అని కూడా అనలేను. ఆ పిల్ల పిలిచినప్పుడు నువ్వు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేకపోయావో తెలిస్తే ఈసారి వెళ్తావని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1964లో న్యూయార్క్‌లో కిట్టీ జెనొవీస్ అనే అమ్మాయిని రాత్రిపూట ఇంటి దగ్గరే ఒకడు పొడిచి చంపాడు. 38 మంది చూస్తూ ఊరుకున్నారని పేపర్లో వచ్చేసరికి ఊరంతా అట్టుడికిపోయింది. ఆ లెక్క నిజం కాదని చాలా ఏళ్లకు తేలింది, చాలామంది అరుపు విన్నారు తప్ప జరిగింది చూడలేదు. పైగా ఆ బిల్డింగ్‌లోనే ఉండే ఒకావిడ కిందికి పరుగెత్తుకొచ్చి, ఆంబులెన్స్ వచ్చేదాకా ఆ పిల్లను చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఈవిడ సంగతి మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ చెప్పుకోలేదు, నాకు అదే ఎక్కువ బాధ.

ఆ వార్త చూశాకే డార్లీ, లటానే అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేసి 1968లో అచ్చు వేశారు. కాలేజీ పిల్లల్ని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు తడబడి, ఫిట్స్ వచ్చినట్టు సాయం అడుగుతుంది. అది తనొక్కడికే వినిపిస్తోందనుకున్న వాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే లేచి చెప్పడానికి వెళ్లారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్న వాళ్లలో 31 శాతమే. లేవనివాళ్లు రాతిగుండె వాళ్లేం కాదు. లోపలికెళ్లి చూస్తే కొందరికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టి ఉన్నాయి, "అతనికి బాగానే ఉందా?" అని వాళ్లే అడిగారు. ఆ బస్టాపులో నీకు జరిగింది ఇదే. నువ్వు పక్కావిడ మొహం చూశావు, ఆవిడ నీ మొహం చూసింది, ఎవరూ కదలట్లేదు కాబట్టి పెద్ద విషయం కాదేమో అని ఇద్దరూ సర్దిచెప్పుకున్నారు.

ఇక ఆ "మొగుడూ పెళ్లాలేమోలే" మాట. మన దగ్గరే అంటారనుకోకు. 1976లో అమెరికాలోనే ఇంకో ప్రయోగం జరిగింది. ఒక మగాడు, ఒక ఆడది జనం ముందు కొట్లాడుకుంటున్నట్టు నటించారు. ఆవిడ "నువ్వెవరో నాకు తెలీదు" అని అరిచినప్పుడు చూసినవాళ్లలో 65 శాతం మంది అడ్డుపడ్డారు. "నిన్నెందుకు పెళ్లి చేసుకున్నానో" అని అరిస్తే 19 శాతం మందే. మొగుడు అన్న మాట వినగానే కాళ్లు ఆగిపోతున్నాయి. అయినా మొగుడైతే మాత్రం? నడిరోడ్డు మీద జడ పట్టుకు లాగే హక్కు మొగుడికి ఏ చట్టమిచ్చింది? ఇంట్లో కొట్టినా నేరమే, 2005లో గృహహింస చట్టం వచ్చింది అందుకే కదా. ఈ విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది చెల్లీ, నీ మీద కాదు, ఆ మాట మీద.

ఇంకో సంగతి చెబితే నీకు కొంచెం ధైర్యం వస్తుంది. 2019లో ఇంగ్లండ్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికాల్లోని మూడు ఊళ్ల సీసీ కెమెరాల్లో పడ్డ 219 వీధి గొడవలను కొందరు పరిశోధకులు చూశారు. పదింట తొమ్మిది గొడవల్లో ఎవరో ఒకరైనా ముందుకొచ్చారు. అంటే మనుషులు మరీ అంత చచ్చిపోలేదు. మీ బస్టాపులోనూ అంతే, అరటిపళ్లాయన వెనకే నలుగురు కదిలారు కదా, అంతదాకా ఆ నలుగురూ నీలాగే నిలబడి ఉన్నవాళ్లే.

మీ ఆయన భయం అర్థం లేనిదేం కాదు, వాడి చేతిలో కత్తి ఉంటే? అందుకే నిన్ను వెళ్లి కలబడమనట్లేదు. ఒంటరిగా వెళ్లకు. పక్కనున్న ఒకరిని చూపించి "నీలం చొక్కా బాబూ, నువ్వు నాతో రా" అను, ఇంకొకరితో "అమ్మా, మీరు 112కి ఫోన్ చేయండి" అను. గుంపుని మొత్తంగా పిలిస్తే ఎవరూ రారు, ఒకర్ని పిలిస్తే ఆ ఒక్కరూ వస్తారు. దగ్గరికెళ్లాక వాడితో వాదన పెట్టుకోకు, ఆ అమ్మాయితోనే మాట్లాడు, "ఏమ్మా, వీడు నీకు తెలుసా, మాతో వస్తావా" అని. రోడ్డు దాటే ధైర్యం చాలకపోతే ఇవతలి నుంచే గట్టిగా అరువు. వీడియో తీయాలనుంటే ఫోన్ చేశాక తియ్యి. ఎదుటివాళ్ల ఒంటికి దెబ్బ తగలకుండా అడ్డుపడే హక్కు మనకు చట్టంలోనే ఉంది, భారతీయ న్యాయ సంహిత 35వ సెక్షన్ అదే చెబుతుంది. మీ ఆయనకు ఇది కూడా చదివి వినిపించు.

ప్రశ్న: మేడమ్, హైవే మీద బైక్ యాక్సిడెంట్ అయితే ఆపి ఆస్పత్రికి తీసుకెళ్దామంటే "పోలీసులు, కోర్టులు, ఇరుక్కుపోతావ్" అని మా ఫ్రెండ్స్ వెనక్కి లాగారు. నిజమేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఒకప్పుడు నిజమే బాబూ. చాలా ఏళ్ల కిందట స్కూటర్ గుద్దిన ఒక పెద్దాయన్ని ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లాను. కౌంటర్లో "మీరేమవుతారు? డబ్బు ఎవరు కడతారు?" అని మూడు గంటలు కూర్చోబెట్టారు. ఆయన రక్తం నా చీర కొంగుకు ఎండి అట్టకట్టింది, నాకింకా గుర్తుంది.

ఇప్పుడలా కాదు. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయం చేసినవాళ్లను వేధించకూడదన్న మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. నీ పేరు, ఫోన్ నంబర్ చెప్పి తీరాలని లేదు, సాక్షిగా ఉండాలా వద్దా అన్నది నీ ఇష్టం, నీ మీద కేసు పెట్టడానికి లేదు, ఆస్పత్రివాళ్లు నిన్ను ఆపడానికి, డబ్బు కట్టమనడానికి లేదు. ప్రభుత్వాస్పత్రి అయినా ప్రైవేటైనా ముందు ప్రాణం నిలబెట్టాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కౌంటర్లో కూర్చున్నవాళ్లకు ఇవన్నీ తెలియకపోవచ్చు, అందుకే సెక్షన్ నంబరుతో సహా చెప్పు.

ముందు 108కి ఫోన్ చెయ్యి. మెడ కదిలించకు, హెల్మెట్ లాగెయ్యకు, నీళ్లు తాగించకు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకో.

ప్రశ్న: మా పాపకు పదమూడేళ్లు. ట్యూషన్ నుంచి ఒక్కతే వస్తుంది. ఏదైనా జరిగితే ఏమని అరవమని నేర్పాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ఒట్టి "కాపాడండి" చాలదండీ. "వీడెవడో నాకు తెలీదు" అని అరవమనండి, ఎందుకో పైన రాశాను. దాంతోపాటు కనిపించిన ఒక మనిషిని గుర్తుపట్టి పిలవమనండి, "ఎర్ర బ్యాగ్ ఆంటీ, మీరే, మీరు రండి" అని. నోటితో చెప్పి వదిలేయకండి, ఇంట్లో అరిపించండి. మా అమ్మాయికి నేర్పినప్పుడు మొదటిసారి గొంతే పెగల్లేదు, రెండోసారి సిగ్గుపడి తలదించుకుంది. మూడోసారి అరిచిన అరుపుకి ఎదురింటాయన లుంగీ ఎగ్గట్టుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా వచ్చి "ఏమైందమ్మా?" అంటూ మా తలుపు కొట్టారు.